మొళకాల్మూరు చరిత్రలో మన సంతకం

(సమాఖ్య వార్షికోత్సవ సభలో మొళకాల్మూరు ప్రతినిధుల తరపున చేసిన ప్రసంగ పాఠం)



మీ మీ ఊరి చరిత్ర చెప్పండి అని సమాఖ్య పెద్దలు అడిగారు. కంచి గురించి, షోలాపూరు గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. మాది చిన్న ఊరు. అయినా చెప్పాల్సింది ఉంది కాబట్టి వచ్చాము.

మొళకాల్మూరు చిత్రదుర్గ జిల్లాలో ఈశాన్య మూలనున్న తాలూకా కేంద్రం. ఒక పక్క బళ్లారి జిల్లా, ఇంకో పక్క అనంతపురం జిల్లా రాయదుర్గం. మా ఊరికి రైలు లేదు. రైలెక్కాలంటే రాయదుర్గమో బళ్లారో పోవాల్సిందే. చుట్టూ బండరాళ్ల గుట్టలు, వాన తక్కువ, వేరుశెనగ చేలు. తాలూకు కచేరి, ఆస్పత్రి, బస్టాండు, సంత, వాటి వెనక సందుల్లో మగ్గాలు. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం, కచేరీలో కన్నడం, అంగట్లో ఎదుటివాడిది ఏ భాషయితే ఆ భాష. కన్నడంలో మొళకాలు అంటే మోకాలు, మూరు అంటే మూడు. "మూడు మోకాళ్ల ఊరా మీది?" అని బయటివాళ్లు ఎగతాళి చేస్తారు. గుంట మగ్గంలో కాళ్లు పెట్టి కూచున్నవాడికి మూడున్నా చాలవులే అని మేమూ నవ్వేస్తాం.

ఇంత చిన్న ఊరి పక్కన రెండువేల రెండొందల ఏళ్ల నాటి రాత ఉంది. మా తాలూకాలో బ్రహ్మగిరి, సిద్ధాపుర, జటింగ రామేశ్వర అనే మూడు చోట్ల అశోక చక్రవర్తి శాసనాలు బండల మీద చెక్కి ఉన్నాయి. 1892లో బి.ఎల్. రైస్ దొర వాటిని కనిపెట్టి లోకానికి తెలియజేశారు. సువర్ణగిరిలో ఉన్న రాజకుమారుడు, మహామాత్రులు కలిసి ఇసిల అనే ఊళ్లోని అధికారులకు పంపిన ఆజ్ఞ అది. అంటే ఆ కాలంలోనే ఇక్కడొక కచేరీ ఊరు ఉండేది. మీరు ఇవాళ తాలూకా కేంద్రం అంటున్నారే, అలాంటిదే అనుకోండి. అమ్మానాన్నల మాట వినాలి, ప్రాణుల మీద దయ చూపాలి, నిజం చెప్పాలి, గురువును గౌరవించాలి అని అందులో ఉంది.

1947లో మార్టిమర్ వీలర్ బ్రహ్మగిరి కింద తవ్వకాలు జరిపించారు. అడుగున రాతి గొడ్డళ్ల కాలం, దాని మీద పెద్ద రాతి సమాధుల కాలం, అన్నిటికన్నా పైన ఇంకో పొర. ఆ పై పొరకు ఆయన పెట్టిన పేరు ఆంధ్ర సంస్కృతి. శాతవాహనుల కాలాన్ని బట్టి పెట్టిన పేరది. దాన్ని చూపించి ఈ నేల మాదీ అని మేము అనబోము. ఇక్కడికి మనుషులు అన్ని వైపుల నుంచీ వస్తూనే ఉన్నారు అని మాత్రమే అంటాము.

ఇప్పుడు అసలు మాటకు వస్తాము. ఆ మూడు శాసనాలనూ రాసిన లేఖకుడి పేరు చపడుడు. ఆ సంగతి ఎలా తెలుసంటే, శాసనం చివర తన పేరు రాసుకున్నాడు. శాసనమంతా బ్రాహ్మీ లిపిలో ఉంటుంది. చివర తాను లిపికారుణ్ని అని చెప్పుకునే ఆ ఒక్క మాట మాత్రం ఖరోష్ఠీ లిపిలో ఉంటుంది. ఖరోష్ఠీ ఎక్కడిది? పెషావరు, తక్షశిల వైపు వాడే లిపి, కుడి నుంచి ఎడమకు రాసేది. మా గుట్టల్లో దాన్ని చదవగలిగినవాడు ఎవడూ ఉండి ఉండడు. అయినా రాశాడు. రాజు మాట ఊరి లిపిలో, తన పని మాట తనకు తెలిసిన లిపిలో.

పని కోసం దూరం నుంచి వచ్చి, వచ్చిన చోటి భాషలో పని చేసి, ఇంటి భాష మరవకుండా బతికేవాళ్లం మనమందరం. ఆ బండ ముందు నిలబడితే చపడుడు మనవాడే అనిపిస్తుంది. రాజు పేరు ఎటూ నిలిచేదే. పనివాడి పేరు నిలిచిందంటే తాను రాసుకున్నాడు కాబట్టే.

తర్వాతి చరిత్ర త్వరగా చెప్పేస్తాము. నొళంబవాడి ఏలుబడిలో ఈ సీమ ఉండేది. నొళంబుల రాజధాని హేమావతి ఇప్పుడు ఆంధ్రలో ఉంది. జటింగ రామేశ్వర గుడిని 962లో రాతితో కట్టారని శాసనం చెబుతోంది. జటాయువు పడిపోయిన చోటు ఇదేనని మా నమ్మకం. లేపాక్షి వాళ్లూ అదే మాట చెబుతారు, వాళ్లతో మాకు తగాదా లేదు. నుంకెమలె గుట్ట మీద భైరవుడి గుడి నాథ సిద్ధులది. తర్వాత విజయనగరం, పాళెగాళ్లు, చిత్రదుర్గ నాయకులు. 1779లో హైదరాలీ చిత్రదుర్గాన్ని పట్టుకున్నాడు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయింది. 1800లో నిజాము దత్తమండలాలను కుంపిణీకి ఇచ్చేశాడు. రాయదుర్గం అటు పోయింది, మొళకాల్మూరు మైసూరు రాజుల కింద ఇటు మిగిలింది. బస్సులో అరగంట దారి. మధ్యలో రెండు రాజ్యాలు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు చేరాయి. గీతలు ఇన్నిసార్లు మారినా పెళ్లి సంబంధాలు ఆగలేదు. పడుగు అటు నుంచి వస్తే నేత ఇక్కడ. ఇక్కడి కోడలు అక్కడి ఆడబిడ్డ.

ఈ చరిత్రలో మగ్గం ఎక్కడుంది అని వెతికితే ఒకే చోట దొరుకుతుంది, పన్నుల లెక్కలో. విజయనగర కాలం శాసనాల్లో మగ్గదెరె అని వస్తుంది. అంటే మగ్గం పన్ను. ఎవరు నేశారు, ఏం నేశారు, ఎలా బతికారు అన్నది రాయలేదు. వసూలు చేసేవాడికి అది అక్కర్లేదు కదా.

మరి మనమేం నేశాము? మొళకాల్మూరు పట్టుచీర తెలిసినవాళ్లకు తెలుసు, తెలియనివాళ్ల కోసం చెబుతున్నాము. ఒళ్లు ఒక రంగు, అంచు ఇంకో రంగు. అంచును తర్వాత అతికించరు, నేతలోనే కలుపుతారు. కుట్టు అంచు అంటాము. దానికి మూడు నాడెలు కావాలి. ఒళ్లుకు ఒకటి, కుడి అంచుకు ఒకటి, ఎడమ అంచుకు ఒకటి. ప్రతి పోగు దగ్గరా ఒళ్లు పేక, అంచు పేక ఒకదాన్నొకటి పట్టుకోవాలి. ఒక్కచోట పట్టు తప్పినా అక్కడ చీలిక కనబడుతుంది. అందుకే ఇద్దరు మనుషుల పని. అవతలి అంచు నాడె విసరడానికి ఇంట్లో ఆడమనిషో, బడి నుంచి వచ్చిన పిల్లవాడో పక్కన కూచుంటారు. పడుగు అయిపోతే కొత్త పడుగు పోగులను పాతవాటికి ఒక్కొక్కటిగా అతకాలి, వేల పోగులు. అది ఎక్కువగా మన ఆడవాళ్ల చేతి పనే. కండెలు చుట్టేది ముసలివాళ్లు. చీర మీద పేరు మాత్రం మగ్గం మీద కూచున్న మగవాడికి కూడా రాదు, అమ్మే అంగడికి వస్తుంది.

నాల్వడి కృష్ణరాజ ఒడెయరు కాలంలో మైసూరు అరమన నుంచి ఆదరణ దొరికింది. ఆయన పేరు మీద మహారాజ అనే జరీ రకం ఇప్పటికీ మా ఊళ్లో చెబుతారు. మామిడిపిందె, రుద్రాక్ష, పక్షి, గుడి గోపురం అంచులు ఇంకా నేస్తున్నారు. 2011లో మొళకాల్మూరు చీరకు భౌగోళిక గుర్తింపు దొరికింది. సంతోషమే. కానీ మన చీర ఊరు దాటాక ఇంకో ఊరి పేరుతో బీరువాలో చేరడం మీలో చాలామందికి అనుభవమే. బరంపురం వాళ్లకూ ఈ బాధ తెలుసు. గుర్తింపు కాగితం ఊరికి వస్తే సరిపోదు. 1999 నాటి ఆ చట్టంలో నేసేవాడు విడిగా అధీకృత వినియోగదారుగా నమోదు చేసుకోవాలి. గుర్తింపును పదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. ఈ రెండూ తెలియని ఇళ్లు మా సందుల్లోనే ఉన్నాయి.

అంతకన్నా మమ్మల్ని కలవరపెట్టేది ఇంకొకటి ఉంది. మా పాత ఇళ్లలో అటకల మీద చిట్టా పుస్తకాలున్నాయి. ఎవరికి పట్టు ఎన్ని వీశెలు ఇచ్చారు, జరీ ఎన్ని మార్కులు, ఏ అంచుకు ఎంత కూలి, ఏ సంవత్సరం కరువొచ్చి మగ్గాలు నిలిచాయి, పెళ్లికి ఎంత అప్పు, ఏ పండక్కి ఎంత తీరింది. అన్నీ తెలుగులో ఉన్నాయి. మన ఊరి చరిత్ర నిజానికి అదే. మగ్గదెరె వసూలు చేసినవాడు రాయనిది మన తాతలు రాసిపెట్టారు. కానీ ఇవాళ ఆ ఇళ్లలో పిల్లలకు తెలుగు మాట వస్తుంది, తెలుగు అక్షరం రాదు. పిల్లలు బెంగళూరు పోయారు, కొందరు బళ్లారి, రాయదుర్గాల్లో జీన్సు ప్యాంట్లు కుట్టే చోట చేరారు. వాళ్లను తప్పుపట్టము. కూలి గిట్టనప్పుడు మగ్గం మీద కూచోమని ఎవరు చెప్పగలరు? అయితే పాత ఇల్లు కూల్చి స్లాబు ఇల్లు కట్టేటప్పుడు ఆ పుస్తకాలు పాత పేపర్లతో కలిసి తూకానికి పోతున్నాయి. గుడి శాసనం పోతే పురావస్తు శాఖ అడుగుతుంది. చిట్టా పోతే అడిగేవాడు లేడు.

అందుకే ఈ సభ ముందు మూడు పనులు పెడుతున్నాము. డబ్బు పెద్దగా అక్కర్లేదు, ఓపిక కావాలి.

మొదటిది. ప్రతి శాఖలో ఇద్దరు యువకులు, ఇద్దరు అమ్మాయిలు కలిసి ఇంటింటికీ పోయి పాత చిట్టాలు, పెళ్లి పత్రికలు, డిజైను గీసిన గళ్ల కాగితాలు ఫోనులో ఫొటోలు తీయాలి. పుస్తకం ఇంట్లోనే ఉంటుంది, ఫొటో సమాఖ్య దగ్గర ఉంటుంది. ఇంటివాళ్లు వద్దన్న అప్పుల పుటలు తీయకూడదు. తాత అప్పు మనవడి పరువు తీయకూడదు కదా. చదవడం ఎలా అంటారేమో. కన్నడ లిపీ తెలుగు లిపీ ఒకే తల్లి బిడ్డలు. కన్నడం చదివే పిల్లకు తెలుగు అక్షరం కొన్ని వారాల పని. సెలవుల్లో ఒక్క నెల పెట్టుకుంటే చాలు. తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రలలో మీకు ఇంకొంచెం ఎక్కువ పడుతుంది, అంతే.

రెండోది. మాటలు. మగ్గంలో ప్రతి కట్టెకూ ప్రతి తాడుకూ పేరుంది. ప్రతి అంచుకూ పేరుంది. మా ఊళ్లో తెలుగు, కన్నడం కలిసిపోయి వాడతాము. ఆరణిలో ఇంకోలా అంటారు, షోలాపూరులో ఇంకోలా అంటారు. ఇవి పుస్తకంలో లేవు, అరవై దాటినవాళ్ల నోట్లో ఉన్నాయి. మగ్గం పక్కన కూచోబెట్టి, చూపిస్తూ చెప్పించి, రికార్డు చేయాలి. ఆడవాళ్లను వేరుగా అడగాలి. అతుకు పని మాటలు, రంగు పని మాటలు వాళ్ల దగ్గరే ఉన్నాయి. మగవాళ్లు పక్కనుంటే మన అమ్మలు "నాకేం తెలుసు నాయనా, ఆయన్నడుగు" అంటారు. అది మీకూ తెలిసిందే.

మూడోది. సంతకం. చీర మడతలో పట్టు గుర్తు ఉంటుంది, చేనేత గుర్తు ఉంటుంది, అంగడి చీటీ ఉంటుంది. నేసినవాళ్ల పేరు ఉండదు. మన సమాఖ్య ద్వారా పోయే చీరలకైనా ఒక చిన్న చీటీ పెడదాము. నేసినవారు ఫలానా, అంచు నాడె వేసినవారు ఫలానా, ఊరు మొళకాల్మూరు. అక్కడి భాషలో ఒక వరుస, తెలుగులో ఒక వరుస. కొన్నవాళ్లకు తెలుగు రాకపోవచ్చు. ఫరవాలేదు. చపడుడి మాట కూడా ఆనాడు ఎవరూ చదవలేదు, ఇరవై రెండు శతాబ్దాల తర్వాత చదివారు.

వ్యాపారం పెరుగుతుందా అని కొందరు అడుగుతారు. పెరగొచ్చు, పెరగకపోవచ్చు. కూలి పెరగడానికి వేరే పోరాటం ఉంది, దానికి మేము ముందు వరసలోనే ఉంటాము. ఈ మూడు పనులు వేరే లెక్క. మగ్గాలు తగ్గుతున్నాయి. మన తర్వాతి తరం మగ్గం ఎక్కుతుందో లేదో మన చేతిలో లేదు. ఎక్కకపోయినా మావాళ్లు ఇది చేశారు, ఇలా చేశారు, ఇదిగో వాళ్ల పేర్లు అని చూపించుకునే వీలు మాత్రం మన చేతిలోనే ఉంది.

మా ఊరి నుంచి మొదలుపెడతామని మేము మాట ఇస్తున్నాము. వచ్చే సభకు వచ్చేటప్పుడు ఉపన్యాసం తేము, మా సందులోని చిట్టాల ఫొటోలు తెస్తాము. మీరూ మీ ఊళ్లవి తీసుకురండి. పక్కపక్కన పెట్టి చూసుకుందాము.