రూథర్‌ఫర్డ్ దొర ఉద్యోగం, మల్లుదొర శిక్ష
(ఓడలరేవులో ఆదివాసీ యువతతో మాట్లాడిన మాటలు)



మీరు దిగివచ్చిన కొండల నీళ్ళే ఇక్కడ వైనతేయగా సముద్రంలో కలుస్తున్నాయి. దారి పొడవునా కాటన్ దొర విగ్రహాలు చూసుంటారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టాడని కోనసీమ ఆయన్ని తలుచుకుంటుంది, తప్పులేదు. అదే గోదావరి ఎగువన మన్యానికి గుర్తున్న దొర మాత్రం వేరు. ఈరోజు ఆయన గురించే మాట్లాడుకుందాం.

రూథర్‌ఫర్డ్ అనగానే చాలామందికి 1974 నాటి సినిమాలో జగ్గయ్య గుర్తొస్తాడు. అసలు మనిషి థామస్ జార్జ్ రూథర్‌ఫర్డ్, మద్రాసు ప్రెసిడెన్సీలో ఐసీఎస్ అధికారి.

1882 అటవీ చట్టం పోడును నేరం చేసింది. రోడ్డు పనుల్లో కూలి ఎగ్గొట్టారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడితో మన్యం లేచింది. మలబార్ పోలీసులు వచ్చారు, తర్వాత అస్సాం రైఫిల్స్ దిగాయి. అయినా లొంగలేదు. 1924 ఏప్రిల్‌లో రూథర్‌ఫర్డ్‌ను స్పెషల్ కమిషనర్‌గా పంపారు. దళానికి ఊళ్ళ నుంచి తిండీ కబురూ అందకుండా బిగించారు. మే 7న కొయ్యూరు దగ్గర సీతారామరాజును కాల్చేశారు. జూన్‌లో గాం గంటం దొర కూడా పడిపోయాడు.

మరి రూథర్‌ఫర్డ్ ఏమయ్యాడు? పైకెక్కాడు. 1943లో బీహార్ గవర్నర్ అయ్యాడు. ఆ ఏడు సెప్టెంబర్ నుంచి 1944 జనవరి దాకా బెంగాల్‌కీ తాత్కాలిక గవర్నర్. అప్పుడు బెంగాల్లో జనం ఆకలితో చస్తున్నారు. ప్రభుత్వ విచారణ సంఘమే 15 లక్షల చావులు లెక్కగట్టింది, తర్వాతి పరిశోధకులు 30 లక్షల దాకా చెప్పారు. ఆ కరువు ఆయన తెచ్చింది కాదు, వెళ్ళేసరికే ముదిరిపోయింది. కానీ ఒక్కటి గమనించండి: మన్యాన్ని అణచడం ఆయన ఉద్యోగానికి మచ్చ కాలేదు. ఆ ప్రభుత్వానికి అది పనితనం.

ఇంకో మనిషి సంగతి చెప్తా. గంటం దొర తమ్ముడు మల్లుదొర. పట్టుబడి, ద్వీపాంతర శిక్ష పడి అండమాన్ వెళ్ళాడు. 1952లో మొదటి ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు! ఆ గవర్నర్ని లండన్ నియమించింది. మల్లుదొరను జనం ఎన్నుకున్నారు. ‘దొర’ అనే మాట ఇద్దరికీ ఉంది గానీ, బరువు ఒకటేనా?

ఇదంతా పాత కథ అనుకోకండి. మనల్ని పాలించిన పద్ధతి ఒకటుంది: కాగితం వాళ్ళది, అడవి మనది, ఆఖరికి కాగితమే గెలిచేది. 2006 అటవీ హక్కుల చట్టం ఆ కాగితాన్ని గ్రామసభ చేతికి ఇచ్చింది. క్లెయిమ్ మొదలయ్యేది అక్కడే. సబ్ డివిజన్ కమిటీ కాదంటే 60 రోజుల్లో జిల్లా కమిటీకి వెళ్ళొచ్చు. ఎందుకు కాదన్నారో రాతలో అడగండి. "సార్ వద్దన్నారు" అంటే అది జవాబు కాదు.

ఊరికెళ్ళాక ఒక్క పని చేయండి. మీ గ్రామసభ తీర్మానాల పుస్తకం ఎవరి దగ్గరుందో కనుక్కోండి. తెరిచి, పెద్దవాళ్ళకు బిగ్గరగా చదివి వినిపించండి. అందులో మీ ఊరు చెప్పని మాట ఉంటే, అక్కడే మొదలుపెట్టండి.

జై ఆదివాసీ.