భూగర్భమందలి పెట్రోలు ట్యాంకులు - ఊరి బావులు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు పుస్తకములను భద్రపరచుటయే గాక, ఊరి అనుభవమును భద్రపరచు ధర్మము కూడ కలదు. ఏ యేట చెరువు నిండినది, ఏ వేసవిలో బావి ఎండినది అను సంగతులు వ్రాసి యుంచిన ఊరు కష్టకాలమున ఒకరిని అడుగనక్కరలేదు. అట్లు వ్రాసి యుంచవలసిన సంగతి యొకటి ఈనాడు సభవారి ముందుంచబడుచున్నది. అది రహదారి ప్రక్కనున్న పెట్రోలు బంకులకును, ఊరి బావులకును సంబంధించినది.

మేడ్చలు మీదుగా 44వ నంబరు జాతీయ రహదారియు, శామీర్‌పేట మీదుగా కరీంనగరమునకు పోవు రాజీవ్ రహదారియు సాగుచున్నవి. ఔటర్ రింగు రోడ్డు ఈ రెంటిని కలుపుచున్నది. బండ్లు పెరిగినచోట బంకులు వెలయుట సహజము. బంకు లేనిదే బస్సు నడువదు, ట్రాక్టరు కదలదు. కనుక ఇది బంకులపై నింద కాదు. ఈ ప్రాంతమున ఫలానా బంకు కారినదని చెప్పుటయు కాదు. కంటికి కనబడని దానిని ఎట్లు కనిపెట్టి యుండవలెనన్నదే ప్రశ్న.

బంకులో పైకి కనబడునది పంపు మాత్రమే. వేలకొలది లీటర్ల చమురు నేలలో పాతిన ఉక్కు ట్యాంకులలో నుండును. తేమ తగిలిన ఉక్కు త్రుప్పు పట్టును. గొట్టముల అతుకులు వదులగును. ట్యాంకులోని మట్టమును కొలకర్రతో చూచి, దానిని అమ్మకముతో సరిపోల్చుట మొదటి కాపలా. కాని చమురు ఆవిరియగుట చేతను, వేడికి పొంగుట చేతను లెక్కలో కొంత హెచ్చుతగ్గు ఎల్లప్పుడు నుండును. చుక్కచుక్కగా కారునది ఆ హెచ్చుతగ్గులో దాగిపోవును.

పెట్రోలు నీటికంటె తేలిక. చారుమీద నెయ్యివలె అది భూగర్భజలముపై తేలును. అందలి బెంజీను మొదలగు పదార్థములు కొంత నీటిలో కరగి, నీటితోపాటు ప్రయాణము చేయును. బెంజీను రక్తమునకు సంబంధించిన కాన్సరును కలిగించును. త్రాగునీటిలో అది లీటరునకు 10 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. భారతదేశమున అమ్ము పెట్రోలులో నూటికి ఒక పాలు వరకు బెంజీను ఉండవచ్చును. అనగా 100 లీటర్లలో ఒక లీటరు. ఆ ఒక్క లీటరు పూర్తిగా నీటిలో కలిసినయెడల, దానిని పై హద్దులోనికి తెచ్చుటకు 8 కోట్ల లీటర్లకు పైగా మంచినీరు కావలెను. ఆ హద్దుకు ఎన్నో రెట్లు మించినగాని బెంజీను వాసన ముక్కునకు తెలియదు. వాసన లేదు గనుక నీరు మంచిదే యనుట పొరపాటు.

ఇట్టి విపత్తులు జరుగకపోలేదు. అమెరికాలోని శాంతా మోనికా నగరమున పెట్రోలులో కలుపు ఒక రసాయనము భూగర్భ ట్యాంకులనుండి కారి బావులలో చేరగా, 1996లో ఆ నగరము తన నీటి వనరులలో దాదాపు సగమును మూసివేయవలసి వచ్చెను. 2013లో చెన్నై నగరపు తండయారుపేటలో భూగర్భ గొట్టమునుండి కారిన ఇంధనము ఇండ్ల బోరునీటిలో కనబడెను.

ఇక ఈ ప్రాంతపు నేల సంగతి. ఇది గ్రానైటు రాతి సీమ. పైన మొరము, క్రింద బీటలు వారిన రాయి. ఇసుకలోవలె నీరు ఇక్కడ సమముగా పారదు. బీటల వెంబడి పోవును. ఒకచోట బోరులో నీరు పడును, కొన్ని గజముల దూరమున దుమ్మే లేచును, ఇది రైతులెరిగినదే. కావున బంకు ఆవరణలో ఒక్క పరీక్షాబావి త్రవ్వి, అందులో చమురు లేదని నిశ్చింతగా ఉండరాదు. కారిన చమురు వేరొక బీట పట్టి పోవచ్చును. అమెరికా నిబంధనలు సైతము, నీటిమట్టము 20 అడుగులలోపున ఉండి నీరు సులువుగా పారు నేలలయందే ఈ పద్ధతిని అంగీకరించినవి. ఇచ్చట చుట్టుపట్లనున్న బోరులన్నియు పరీక్షాబావులే యని భావింపవలెను.

క్రొత్త బంకులు పాఠశాలలకు, ఆసుపత్రులకు, నివాసములకు 50 మీటర్ల దూరమున ఉండవలెననియు, వీలుకానిచో అదనపు జాగ్రత్తలతో 30 మీటర్లకు తగ్గరాదనియు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరిలో నిర్దేశించినది. నియమము మంచిదే. కాని రాతిలోని బీటకు ఆ కొలత తెలియదు.

అందుచే గ్రంథాలయమున ఒక బావుల పుస్తకము తెరువవలెను. ప్రతి బంకు చుట్టునున్న బావుల, బోరుల లోతును, బంకునుండి దూరమును, వానలకు ముందు వెనుకల నీటిమట్టమును అందు వ్రాయవలెను. చమురు కారక పూర్వమే నీటిని ఒకమారు పరీక్ష చేయించి ఫలితమును భద్రపరచవలెను. ముందు నీరెట్లుండెనో తెలియనిదే, తరువాత చెడినదని నిరూపించుట కష్టము. బోరులో నిలువ నీటిని కొంతసేపు తోడివేసి, గాజుసీసాలో గాలిబుడగ లేకుండ నిండుగా పట్టి, చల్లగా ఉంచి, పరీక్షాశాలకు త్వరగా పంపవలెను. సగము నింపిన సీసాలో బెంజీను గాలిలోనికి జారిపోవును.

నీటిపై రంగురంగుల తెట్టె కనబడిన వెంటనే బెదరనక్కరలేదు. పుల్లతో కదలించినపుడు పెంకులవలె విరిగినచో అది సాధారణముగా ఇనుమును ఆశ్రయించు సూక్ష్మజీవుల తెట్టె; మరల కలిసికొన్నచో చమురని అనుమానింపవలెను. అట్టి అనుమానము కలిగినపుడు ఆ నీటిని త్రాగుట, వండుట మాని, బావివద్ద నిప్పు వెలిగింపక, కాలుష్య నియంత్రణ మండలికి వ్రాతపూర్వకముగా తెలుపవలెను.

నల్లానీరు వచ్చిన తరువాత బావివంక చూచువారు తగ్గిరి. అయినను పశువులు, కూరతోటలు బోరునీటిపైననే బ్రతుకుచున్నవి. నల్లా రాని దినమున ఇల్లాలు బిందెతో పోవునదియు అచ్చటికే. ఇరువదియైదేండ్లు పుస్తకములను కాపాడిన ఈ గ్రంథాలయము బీరువాలో ఈ పుస్తకమునకును ఒక చోటు కల్పించినయెడల, రాబోవు తరమువారికి తమ నీరు పూర్వమెట్టిదో చూపగల సాక్ష్యము దక్కును.