ఇంటిపన్నులో ఎనిమిది పైసలు

(అంగళ్లులో జరిగిన మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించి, వైద్య ఖర్చుల గురించి నాకంటే ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు. పంచాయతీ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి కార్యదర్శిగారు నన్ను ఇంటిపన్ను గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. పన్ను ఎంత, ఎప్పుడు కట్టాలి అన్నవి మీ అందరికీ తెలిసినవే. అందులో ఒక చిన్న భాగం ఎవరికి చేరాలి, చేరుతోందా లేదా అన్న సంగతి మాత్రమే ఈ రోజు మనవి చేస్తాను.

మన పిల్లలు చాలామంది అమెరికాలో ఉన్నారు. సియాటిల్ పట్టణంలో గానీ, దాని చుట్టుపక్కల గానీ ఇల్లు కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల ఇంటిపన్ను ఎవరెవరికి పోతుందో అడిగి చూడండి. బడులకు ఇంత, రోడ్లకు ఇంత, గ్రంథాలయానికి ఇంత అని చెబుతూ, ఓడరేవుకు ఇంత అని కూడా చెబుతారు. ఓడరేవుకు ఇంటిపన్ను ఏమిటని మనకు వింతగా తోస్తుంది. దాని వెనుక ఒక కథ ఉంది. అక్కడి సముద్రతీరం చాలావరకు రైల్వే కంపెనీల చేతుల్లో ఉండేది. రేవు ప్రజలదిగా ఉండాలని 1911లో ఆ కౌంటీ ఓటర్లు ఓట్లు వేసి రేవు సంస్థను ఏర్పాటు చేసుకున్నారు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. ఆ సంస్థను నడిపే అయిదుగురు కమిషనర్లను ఈనాటికీ ప్రజలే ఎన్నుకుంటారు.

ఆ సంస్థ రేవుతోపాటు పెద్ద విమానాశ్రయాన్ని కూడా నడుపుతుంది. విమానాశ్రయం ఖర్చు విమాన కంపెనీలు కట్టే రుసుములతో, కార్లు నిలిపే చోటి వసూళ్లతో, దుకాణాల అద్దెలతో గడిచిపోతుంది. రేవుకు ఓడల రుసుములు, అద్దెలు వస్తాయి. ఇళ్ల మీద వచ్చే పన్నును వేరే పనులకు వాడతారు. రేవు పనులకోసం తెచ్చిన అప్పుల వాయిదాలు, పాత ఫ్యాక్టరీల వల్ల చెడిపోయిన నదిని, తీరాన్ని శుభ్రం చేయడం, సరుకు రవాణాకు పనికొచ్చే రోడ్లకు వాటా ఇవ్వడం వంటివి అందులో ముఖ్యం. ఇటీవలి సంవత్సరాల్లో ఈ పన్ను ఏడాదికి 8 కోట్ల డాలర్లకు పైనే వస్తోంది. ఇంటి విలువలో ప్రతి వెయ్యి డాలర్లకు 45 సెంట్లు దాటకూడదని చట్టం హద్దు పెట్టింది. ఓటర్లను అడగకుండా వేయగల గరిష్ఠ పన్నును ఏడాదికి నూటికి ఒకటి కంటే పెంచకూడదని మరో హద్దు ఉంది. కొత్తగా కట్టిన ఇళ్ల మీద వచ్చేది దీనికి అదనం.

ఇంత ఆదాయమున్న రేవుకు మా పన్ను దేనికని అడిగేవాళ్లు అక్కడా ఉన్నారు. అందుకే ఏటా బడ్జెట్ పెట్టేటప్పుడు పన్ను ఎంత, దేనికి అన్నది బహిరంగ సమావేశంలో చెప్పి మరీ ఆమోదిస్తారు.

మన విశాఖపట్నం రేవు సంగతి వేరు. 1933లో ప్రారంభమైన ఆ రేవు ఇళ్ల మీద పన్ను వేయదు. ఓడల రుసుములు, సరుకు ఎగుమతి దిగుమతుల మీద వచ్చే రాబడి, భూముల అద్దెలు, ఇవే దానికి ఆధారం. రేవు ఆస్తులు కేంద్ర ప్రభుత్వ ఆస్తులు కావు కాబట్టి వాటికి పన్ను మినహాయింపు లేదని 1999లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అక్కడ రేవు పన్ను తీసుకుంటుంది, ఇక్కడ రేవే పన్ను కడుతుంది.

మరి ఇళ్ల మీది పన్నులో వాటాతో నడిచే ప్రత్యేక సంస్థ మనకు లేదా? ఉంది. సముద్రం లేని మన మదనపల్లె పక్కన కూడా ఉంది. అదే జిల్లా గ్రంథాలయ సంస్థ.

1948లో మద్రాసు రాష్ట్రం గ్రంథాలయాల చట్టం చేసింది. దానికి రూపమిచ్చినవారు ఎస్.ఆర్. రంగనాథన్ గారు. అప్పుడు మన చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది కాబట్టి ఆ చట్టం మొదటినుంచీ మనకు వర్తించింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాత రెండు ప్రాంతాలకూ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. దాని ప్రకారం ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. పంచాయతీ గానీ మునిసిపాలిటీ గానీ పన్నుతోపాటు దీన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఈ సొమ్ము పంచాయతీది కాదు. పంచాయతీ కేవలం వసూలు చేసి పెట్టేది.

లెక్క చూడండి. ఒక ఇంటికి ఏడాదికి 600 రూపాయల పన్ను అనుకుంటే సెస్సు 48 రూపాయలు. ఆ డబ్బుతో ఒక ఇంటికి ఒక నెల దినపత్రిక కూడా రాదు. అలాంటి ఇళ్లు వెయ్యి ఉన్న ఊళ్లో అదే 48 వేలు అవుతుంది. ఆ ఊరి గ్రంథాలయానికి ఏడాది పొడుగునా అన్ని పత్రికలూ తెప్పించి, కొన్ని కొత్త పుస్తకాలూ కొనవచ్చు. సిబ్బంది జీతాలకు ప్రభుత్వం గ్రాంటు ఇస్తుంది. పుస్తకాలు, పత్రికలు, అద్దెలు, బల్లలు, కుర్చీలు, భవనాల మరమ్మతు వంటివి ఎక్కువగా ఈ సెస్సు మీదే ఆధారపడి ఉన్నాయి.

చిక్కు ఎక్కడంటే, వసూలైన సెస్సు అన్నిచోట్లా సకాలంలో సంస్థకు చేరడం లేదు. రాష్ట్రమంతటా స్థానిక సంస్థలు గ్రంథాలయ సంస్థలకు బకాయి పడుతూనే వస్తున్నాయి. ఇందులో ఏ ఒక్క ఊరినీ నేను తప్పుపట్టడం లేదు. వీధిదీపాల కరెంటు బిల్లు, పారిశుధ్య కార్మికుల జీతం, పాడైన బోరు మోటారు, ఇవన్నీ సర్పంచి ముందు, కార్యదర్శి ముందు నిలబడి అడుగుతాయి. గ్రంథాలయం నోరు తెరిచి అడగదు. అడగనివాడి బాకీ ఆఖరున తీరుతుంది. ఇది నేను సర్వీసులో కళ్లారా చూసిన సంగతి.

పట్టణాల్లో ఈ మొత్తం ఇంకా పెద్దది. 2021 ఏప్రిల్ నుంచి మునిసిపాలిటీల్లో అద్దె విలువ బదులు ఆస్తి మూలధన విలువ మీద పన్ను లెక్కకట్టే పద్ధతి వచ్చింది. ఏడాదికి నూటికి 15కు మించి పెంచరాదన్న పరిమితి ఉన్నా, పన్ను మాత్రం ఏటా పెరిగింది. పన్ను పెరిగితే సెస్సూ పెరుగుతుంది. మనం కట్టేది పెరిగినప్పుడు గ్రంథాలయంలో పత్రికలు తగ్గితే ఎందుకని అడిగే హక్కు మనకుంది.

ఇది మనకు సంబంధించిన విషయమా అని ఎవరికైనా అనిపించవచ్చు. పొద్దున్నే గ్రంథాలయంలో పత్రికల బల్ల చుట్టూ కూర్చునేవాళ్లలో సగంమంది మనవాళ్లే. మిగతా సగం పోటీ పరీక్షలకు చదివే పిల్లలు. వాళ్లలో చాలామందికి ఇంట్లో వేరే గది ఉండదు, పుస్తకాలు కొనే స్తోమత ఉండదు.

అందుచేత మూడు పనులు చేద్దామని నా మనవి. మొదటిది, పన్ను కట్టినప్పుడు రసీదులో గ్రంథాలయ సెస్సు విడిగా రాశారో లేదో చూసుకోండి. రాయకపోతే రాయించుకోండి. రెండోది, గ్రామసభలో పద్దులు చదివేటప్పుడు సెస్సు ఎంత వసూలైంది, ఎంత జమ చేశారు అని అడగండి. మర్యాదగానే అడుగుదాం, కానీ ప్రతి ఏడూ అడుగుదాం. మూడోది, నోటిమాటకు జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. సర్వీసంతా నోట్‌ఫైళ్లు రాసిన మనకు ఒక పేజీ దరఖాస్తు రాయడం కష్టం కాదు.

సియాటిల్‌వాళ్లకున్న డబ్బు మనకు లేదు. వాళ్లు రేవు కమిషనర్లను ఎన్నుకుంటారు, మన గ్రంథాలయ సంస్థ చైర్మన్‌ను ప్రభుత్వం నియమిస్తుంది. ఆ తేడా మన చేతిలో లేనిది. కట్టిన ప్రతి పైసా ఎవరి పేరున కట్టామో తెలుసుకుని, అది వాళ్లకు చేరిందా అని అడగడం మాత్రం మన చేతిలో ఉన్నదే. పేరు పెట్టి వసూలు చేసిన పన్ను ఆ పేరుకే చేరాలి.