డ్రిల్లు మాస్టారు కోడి రామమూర్తి

రాయగడలో విజయనగరం వైపు రైలెక్కితే దారిలో పార్వతీపురం వస్తుంది. ఆ చుట్టుపక్కలదే వీరఘట్టం. కోడి రామమూర్తి నాయుడుగారు 1882లో అక్కడ పుట్టారు. సర్కసులో ఊపిరి బిగబట్టి ఒంటికి చుట్టిన ఇనుప గొలుసు తెంపినవారిగా, రొమ్ము మీద ఏనుగును నిలిపినవారిగా లోకానికి తెలుసు. పైగా శాకాహారి! నాకు మాత్రం సర్కసు కీర్తికి ముందటి రామమూర్తిగారంటేనే ఎక్కువ గౌరవం. మద్రాసు సైదాపేటలో ఏడాదిపాటు వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరం తిరిగొచ్చి హైస్కూల్లో డ్రిల్లు మాస్టారయ్యారు. కండబలానికి ప్రాణాయామాన్ని జోడించిన సాధన ఆయనది. చివరి రోజులు ఒడిశాలోని బలాంగీర్‌లో గడిచాయి, 1942లో కన్నుమూశారు. శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. ఆ డ్రిల్లు మాస్టారిని తలచుకుంటూ రాయగడ, కొరాపుట్ మాస్టార్లకు నాదొక్కటే విన్నపం: పరీక్షల రోజుల్లోనూ పిల్లల ఆటల పీరియడు తీసేయకండి.