నల్లని నావపై గీత



శ్రీమద్భాగవతం ఏకాదశ స్కంధంలో శ్రీకృష్ణ పరమాత్మ ఉద్ధవునికి ఉపదేశిస్తూ మానవదేహాన్ని చక్కని నావతో పోల్చాడు. గురువు ఆ నావకు కర్ణధారుడు. భగవదనుగ్రహం అనుకూలవాయువు. ఇన్ని సమకూడినా సంసారసాగరాన్ని దాటనివాడు తనను తానే చంపుకొన్నవాడని హెచ్చరించాడు. ఈ ఘట్టం మీద నేను పలుమార్లు ప్రసంగించాను. కాని నావ అన్నది ఒకసారి లభిస్తే చాలదు, దానిని కాపాడుకోవాలి అనే సంగతి నాకు తెలియజెప్పినవాడు పండితుడు కాడు. కోనసీమలో ఒక పడవ యజమాని.

2015 జూలైలో గోదావరి పుష్కరాలు వచ్చాయి. అంతకుముందు వేసవిలో, మమ్మల్ని ఏళ్ళ తరబడి గౌతమి ఆవలి గట్టుకు చేర్చిన కొయ్య నావను ఒడ్డుకు లాగి ఉంచారు. వయస్సు మళ్ళిన నావ. అడుగూ ప్రక్కలూ అంతా నల్లని తారుపూత. ఇసుకమేటలకు ఒరుసుకొని, రేవుమెట్లకు తగిలి, ప్రక్క పడవలతో రాచుకొని దాని ఒంటినిండా గీతలు పడ్డాయి. పుష్కరాలకు పరస్థలాల నుండి పెద్దలు వస్తారు గదా అని నేను, "పైన ఇంకొక పూత తారు వేయించరాదా? ఈ గీతలన్నీ మాసిపోతాయి" అన్నాను.

ఆయన నవ్వి, "గీత మాసిపోద్దండి అయ్యగారూ, దెబ్బ మాసిపోదు కదండీ. తడి మీద తారు అంటదండి. ముందు ఆరనివ్వాలండి" అన్నాడు.

అప్పుడు నేను ఒక విచిత్రం చూశాను. నీళ్ళు పోసి కడుగుతున్నంతసేపూ ఆ నల్లని ప్రక్కలు అద్దంలా నిగనిగలాడాయి. ఒక్క గీతయినా కనబడలేదు. ఎండకు ఆరేకొద్దీ ఒక్కొక్కటిగా బూడిదరంగులో బయటపడ్డాయి. నలుపు మీద తడి ఉన్నంతవరకు గీత దాగి ఉంటుంది. ఇది గమనించండి. సత్సంగంలో కన్నులు చెమర్చినప్పుడు మనకు మనం పరిశుద్ధులమనిపిస్తాం. ఇంటికి వెళ్ళి ఆ తడి ఆరిన తరువాత ఉన్నది ఉన్నట్లు కనబడుతుంది.

కొన్ని దినాలు బాగా ఆరనిచ్చి, ఆయన ప్రతి గీత ప్రక్కనా సుద్దముక్కతో గుర్తు పెట్టాడు. తరువాత గీతకు అడ్డంగా బొటనవేలి గోరు నడిపించాడు. గోరు జారిపోతే గీత పూతలోనే ఉన్నట్లు. అక్కడ తారు చాలు. గోరు ఆగితే లోతున్నట్లు. అటువంటి చోట సుత్తితో మెల్లగా తట్టి విన్నాడు. గట్టి కొయ్య ఖణేలుమంటుంది. నీరు దిగి నానినది మొద్దుగా పలుకుతుంది. అనుమానమున్న చోట సన్నని ఉలి మొనతో పొడిచి చూశాడు. బారెడు పొడవున్న పెద్ద గీతను చూసి నేను భయపడ్డాను. అందులో గోరు జారిపోయింది. అడుగున జానెడైనా లేని చిన్న గీతలో ఉలి అరవేలు దిగింది! పూత తెగిన చోట కొయ్య నీరు త్రాగి లోలోపల కుళ్ళుతున్నది. నా మాట విని పైన తారు పూసి ఉంటే, ఆషాఢపు వరదలో పిల్లలతో, వృద్ధులతో నిండిన నావకు ఏమయ్యేదో మీరే ఊహించండి.

వడ్రంగిని పిలిపించి కుళ్ళిన మేర కోసి, క్రొత్త ముక్క అతికించి, సందులలో పీచు దట్టించి, వేడివేడి తారు పట్టించారు. ఆ అతుకు మిగిలిన ఒంటికంటె నల్లగా, స్పష్టంగా కనబడుతూనే ఉన్నది. ఆయన దానికి సిగ్గుపడలేదు.

మనుస్మృతి పదకొండవ అధ్యాయంలో పాపవిమోచన మార్గాలు చెప్పబడ్డాయి. మొదటిది ఖ్యాపనం, అంటే చేసిన తప్పును నోటితో చెప్పుకోవడం. రెండవది అనుతాపం. ఆ తరువాతనే తపస్సు, అధ్యయనం. అవి చేయలేని ఆపదలో దానం. మనం ఏమి చేస్తున్నాం? చెప్పుకోకుండా, తపించకుండా, సరాసరి జపదానాలకు దిగుతున్నాం. తడి ఆరకుండా తారు పూస్తున్నాం. అనుతాపమనే మాటలోనే తాపమున్నది; ఆరబెట్టేది అదే.

ఈ మాట మీకు చెప్పే ముందు నా గీత నేను చెప్పుకోవాలి. చాలా ఏళ్ళ క్రితం నా వద్ద వేదం నేర్చుకొనే ఒక బాలుణ్ణి, వెండి ఉద్ధరిణి దొంగిలించావని పదిమందిలో నిందించాను. ఆ పిల్లవాడు చదువు మాని వెళ్ళిపోయాడు. కొన్ని మాసాలకు ఆ ఉద్ధరిణి నా పుస్తకాల పెట్టెలోనే దొరికింది. నేనెవరికీ చెప్పలేదు. గాయత్రీ జపం పెంచాను, గోదానం చేశాను, తీరిపోయిందనుకొన్నాను. ఆ సుత్తి చప్పుడు విన్న వారంలో అతని ఊరు వెదకుకొంటూ వెళ్ళి, ఇంటివారందరి ఎదుట తప్పు ఒప్పుకొన్నాను. అతడు నాకు పీట వేసి, మజ్జిగ ఇచ్చి, ఒక్క మాట అన్నాడు: "గురువుగారూ, మా నాన్నగారు బ్రతికి ఉండగా ఈ మాట చెప్పి ఉంటే బాగుండేదండి."

నా వద్ద సమాధానం లేదు. ఇప్పటికీ లేదు. అతుకు పడింది, అతుకుగానే కనబడుతున్నది. అయినా ఆనాటినుండి అక్కడ నీరు దిగడం లేదు.

కనుక, సోదర సోదరీమణులారా! ఈ రాత్రి దీపం ముందు కూర్చున్నప్పుడు పెద్ద గీతలను చూసి బెదరకండి. గోరు ఎక్కడ ఆగుతున్నదో చూడండి. ఎవరికి చెప్పుకోవలసిన మాట ఉన్నదో, వారు వినగలిగి ఉన్నప్పుడే వెళ్ళి చెప్పండి. జపం, దానం తప్పక చేయండి, కాని ఆ తరువాత. మన నావలను ఆవలి గట్టుకు చేర్చవలసినదిగా ఆ పరమాత్మను ప్రార్థిస్తూ సెలవు తీసుకొంటున్నాను.

స్వస్తి.