విత్తు ఒకటే, పువ్వు ఒకటేనా?

(తుబ్లీలో చేసిన ప్రసంగ పాఠం)



విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా అని మన సామెత. బంతి గింజ వేస్తే బంతే మొలుస్తుంది, నిజమే. కానీ నిరుటి ముద్దబంతి గింజకు మళ్ళీ ముద్దబంతే పూస్తుందా? సంక్రాంతి గొబ్బెమ్మల కోసం అక్టోబరులో కుండీలు సర్దుకునే మన తుబ్లీ ఇళ్ళలో ఇది తరచూ వచ్చే ప్రశ్న.

జవాబు పువ్వును బట్టి ఉంటుంది. శంఖుపుష్పం ఎక్కువగా తన పుప్పొడితోనే కాయ కడుతుంది. అందుకే నీలం మొక్క గింజకు దాదాపుగా నీలమే పూస్తుంది. బంతి, జీనియా అలా కావు. వాటి పుప్పొడిని తేనెటీగలు మొక్క నుంచి మొక్కకు మోస్తాయి. పక్కింటి మేడ మీద ఒంటిరేకుల బంతి ఉంటే, మీ ముద్దబంతి గింజలో దానికీ వాటా ఉండవచ్చు.

చంద్రకాంత పువ్వు మరో సంగతి చెబుతుంది. జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ కోరెన్స్ 1900 తర్వాతి సంవత్సరాల్లో దీని మీద ప్రయోగాలు చేశారు. ఎరుపును, తెలుపును కలిపితే గులాబీ రంగు వచ్చింది. ఆ గులాబీ మొక్కల గింజలు వేస్తే సుమారు సగం గులాబీ, పావువంతు ఎరుపు, పావువంతు తెలుపు పూశాయి. కలిసిన గుణాలు తర్వాతి తరంలో విడిపోతాయన్నమాట. విత్తనాల ప్యాకెట్టు మీద 'ఎఫ్‌1' అని ఉంటే అది అలాంటి తొలి తరమే. దాని గింజలు దాచుకుంటే మొక్కలు మొలుస్తాయి గానీ, అన్నీ తల్లిని పోలి ఉండవు.

ఇక మన చేతిలో ఉన్న మాట. మనకొక అలవాటుంది: మంచి పువ్వు దేవుడికి, దండకు; చివర మిగిలిన చిన్న పువ్వు విత్తనానికి. ఏటేటా ఇలా చేస్తే తేనెటీగ తప్పేమీ లేకుండానే మన బంతి చిన్నబోతుంది. పూత మొదట్లోనే మేలైన మొక్కలకు దారం కట్టి, వాటి పువ్వులు కొన్ని కోయకుండా వదలండి. ఒకటి రెండు కాదు, ఒకే రకం మొక్కలు పదైనా ఉంచండి. మొగ్గలకు పల్చటి గుడ్డసంచి కట్టి, విచ్చాక మెత్తని కుంచెతో ఆ మొక్కల మధ్యే పుప్పొడి మార్చండి. పువ్వు మొక్క మీదే ఎండాక కోసి, నీడన ఆరబెట్టి, పేరు, సంవత్సరం రాసి, గాలి చొరని సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. ఇక్కడి వేసవి వేడికీ, ఉక్కకూ బయట పెట్టిన గింజ త్వరగా సత్తువ కోల్పోతుంది.

మల్లెకూ మందారానికీ ఈ బాధ లేదు. కొమ్మ నాటితే తల్లి మొక్కే మళ్ళీ వస్తుంది.

రంగులు కలగలిసి పూస్తే కొందరికి అదే ముచ్చట. దానికేం అభ్యంతరం లేదు. కానీ అమ్మమ్మ పెరటి నాటుబంతి మీ దగ్గరుంటే దాన్ని విడిగా కాపాడండి. ఒకసారి కలిసిపోయిన రకాన్ని మళ్ళీ విడదీయడం కుండీల్లో అయ్యే పని కాదు. నాలుగు కుటుంబాలు తలా ఒక రకం బాధ్యత తీసుకుంటే చాలు, ఏ రకమూ మాసిపోదు.