గోదావరి లోయలో రాకాసి బొక్కలు
(కల్లూరు పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఏ. బకాయిల గురించి మాట్లాడమంటే గంటసేపు మాట్లాడగలను. కార్యదర్శిగారు ఈసారి వేరే ఏదైనా చెప్పమన్నారు కనుక రాళ్ల గురించి చెబుతాను.

1970వ దశకం చివర నేను ప్రాణహిత నదికి దాపున ఒక ఆఫీసులో గుమాస్తాగా పనిచేశాను. ఒకనాడు గొర్రెల కాపరి ఒకాయన గోనెసంచిలో రాయి తెచ్చి "సారూ, రాకాసి బొక్క" అన్నాడు. అడుగు పొడవు, అచ్చం ఎముక ఆకారం, ఎత్తితే ఇనుమంత బరువు. అందరం నవ్వాం. ఎక్కడ దొరికిందని ఒక్కరమూ అడగలేదు. ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా దాన్ని బల్లమీద పెట్టుకున్నాను. బదిలీ అయినప్పుడు అక్కడే వదిలేసి వచ్చాను.

రిటైరైన తరువాత మనవణ్ణి హైదరాబాదులో బిర్లా సైన్సు మ్యూజియానికి తీసుకువెళ్లాను. అక్కడ నిలబెట్టిన రాక్షసబల్లి పేరు కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్. ఉమ్మడి ఆదిలాబాదు జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిందట! భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన పి. యాదగిరిగారు 1988లో దానికి ఆ పేరు పెట్టారు. సుమారు 30 అడుగుల జంతువు. అక్కడ 840 దాకా ఎముకలు దొరికాయి, కనీసం 12 జంతువులవి. నాకు కాళ్లు ఆడలేదు. మనవడు "ఏమైంది తాతయ్యా" అంటే చెప్పలేకపోయాను.

పేరులోని "కోట" సిరోంచ దగ్గర ప్రాణహిత ఒడ్డున ఉన్న ఊరు. అక్కడి సున్నపురాయి, ఇసుకరాయి పొరలను కోట శిలలంటారు. వయస్సు సుమారు 17, 18 కోట్ల ఏళ్లు. ఒకప్పటి చెరువుల, వాగుల అడుగు మట్టే అలా గట్టిపడింది. అందులో చేపలున్నాయి, ఎలుకంత జంతువుల పళ్లు కూడా ఉన్నాయి. ఆ లోయలోనే పోచంపల్లి దగ్గర (చీరల పోచంపల్లి కాదు) 1960 ప్రాంతంలో కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వారు మరో పెద్ద జంతువును తవ్వారు. తొడ ఎముకే ఐదున్నర అడుగులు. 1975లో బరపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. బరపా అంటే బెంగాలీలో పెద్దకాలు. రెండో మాట రవీంద్రుని పేర.

మన కల్లూరులో రాక్షసబల్లి దొరకలేదు. కాని సత్తుపల్లి, కొత్తగూడెం, ఇల్లెందు బొగ్గు ఆ లోయ శిలల్లోదే, ఇంకా అడుగు పొరలది. రాక్షసబల్లులు పుట్టకముందే చెట్లు పూడిపోయి అయిన బొగ్గు అది. రికార్డు రూములో పాత కట్టలు అడుగున ఉన్నట్టే.

ఎముక ఏ పొరలో, ఏ ఊరి పొలిమేరలో ఉందో రాసి ఉంటేనే దాని వయస్సు, జాతి తేలేది. నంబరు, తేదీ లేని కాగితాన్ని మనం ఏ ఫైల్లో పెడతాం? నా బల్లమీది రాయి అలాంటిదైపోయింది. అది నిజంగా ఎముకో కాదో ఇక ఎవరికీ తెలియదు.

మీలో గోదావరి, ప్రాణహిత వైపు పనిచేసినవారున్నారు. ఇంట్లో అలాంటి రాయి ఉంటే, దొరికిన చోటు గుర్తున్నంతలో ఇవాళే కాగితంమీద రాయండి. హైదరాబాదు బండ్లగూడలోని భూవిజ్ఞాన సర్వేక్షణ ఆఫీసుకు తెలియజేద్దాం. ఉత్తరం నేను రాస్తాను. కొత్తగా కనిపిస్తే మాత్రం పెకలించకండి, ఫోటో తీసి చోటు రాసుకోండి. మ్యూజియానికి బస్సు వేద్దామని కోశాధికారిగారితో అన్నాను. వచ్చేవారు భోజనాల వేళ పేర్లు ఇవ్వగలరు.